పనికొచ్చే యాప్‌ను ఎంచుకుని ఫోన్‌లో ఎక్కించుకోవడం ఎలా?

అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉండే మా చిన్నాయనకు పోయిన ఏడాది ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. పంట నష్టపరిహారం జాబితా అని దాని పేరు. చివర చుక్క పెట్టి ఏపీకే అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అంటే అది జాబితా కాదు, యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు. పంపింది వెనక వీధి మనిషే. చిన్నాయన దాన్ని నొక్కాడు. ఫోన్ ఏవేవో అడిగితే అన్నిటికీ సరే అంటూ పోయాడు. జాబితా మాత్రం తెరుచుకోలేదు. సాయంత్రానికి ఆయన నంబరు నుంచి అదే ఫైలు మా చుట్టాలందరికీ వెళ్లింది. మరుసటి రోజు పొద్దునకల్లా ఖాతాలోంచి 18,400 రూపాయలు పోయాయి. శెనక్కాయ విత్తనానికని దాచిన డబ్బు అది.

"తెలిసినోడు పంపినా అనుమానించల్లనాప్పా?" అని ఆయన అడిగాడు. ఆ మనిషి పంపలేదు. ఆయన ఫోన్ కూడా అంతకుముందు ఇలాగే చిక్కింది, ఫైలు దానంతటదే అందరికీ పోయింది. ఆ రోజు నుంచి మా ఇళ్లలో ఎవరికి ఏ యాప్ కావాలన్నా పక్కన కూర్చుని ఒక పద్ధతి ప్రకారం ఎక్కిస్తున్నాను. అదే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పేవన్నీ ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే, మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండేవి అవే.

ముందు పని రాసుకోండి, తర్వాత యాప్ వెతకండి

"మంచి యాప్‌లు ఏవి?" అని అడిగితే వంద పేర్లు చెబుతారు. వాటిలో తొంభై మీకు అక్కరకు రావు. అందుకే ఒక కాగితం తీసుకుని ఫోన్‌తో జరగాల్సిన పనులు రాయండి. మా చిన్నాయన కాగితంలో ఐదే ఉన్నాయి: వాన ఎప్పుడొస్తుందో తెలియాలి, గొర్రెలతో బయట ఉన్నప్పుడు పిడుగు భయం, బండి కాగితాలు వెంట ఉండాలి, బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరికి పోవడానికి రైలు టికెట్టు, పురుగుమందు డబ్బా మీద రాసింది చదవడం.

రాశాక, ఫోన్‌లో ముందే ఉన్న వాటితో జరిగిపోయే పనులు కొట్టేయండి. టార్చి, లెక్కల క్యాలిక్యులేటర్, మాటలు రికార్డు చేసుకునేది దాదాపు అన్ని ఫోన్లలో కొన్న రోజే ఉంటాయి. క్యూఆర్ కోడ్‌ను చాలా ఫోన్ల కెమెరానే చదువుతుంది. వీటి కోసం వేరే యాప్ వేసుకుంటే ప్రకటనల బెడద తప్ప లాభం లేదు. సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు లాంటి పనులకు కూడా కొత్త యాప్ అక్కర్లేకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. 9552300009 నంబరును ఫోన్‌లో దాచుకుని, దానికి హాయ్ అని పంపితే సేవల పట్టిక వస్తుంది.

ఇంకొకటి, ఫోన్‌లో ఖాళీ ఎంత ఉందో చూడండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అని ఉంటుంది. 32 జీబీ ఫోన్ నిండిపోయిందంటే చాలాసార్లు కారణం వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం బొమ్మలు, వీడియోలే. వాటిని తీసేస్తే యాప్‌లకు చోటు దొరుకుతుంది, ఫోన్ కూడా కాస్త చురుగ్గా నడుస్తుంది.

మా ఇంట్లో ముందుగా ఎక్కించినవి

మేఘదూత్. భారత వాతావరణ శాఖ, పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి 2019లో తెచ్చిన యాప్ ఇది. తెలుగు ఎంచుకుని, మన జిల్లా పెట్టుకుంటే వాన, ఎండ, గాలి, గాలిలో తేమ ఎలా ఉండబోతున్నాయో చెబుతుంది. పంటలకు, పశువులకు సంబంధించిన సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో మారుతుంటాయి. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే మన జిల్లాలో రేపు మందు కొట్టాలా, ఆగాలా అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే యాప్ నాకు కనబడలేదు. మందు కొట్టిన గంటకే వాన పడితే ఆ ఖర్చంతా మట్టిపాలే కదా.

దామిని. ఇది కూడా ఆ పుణె సంస్థ చేసిందే. మనం ఉన్న చోటు చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. గొర్రెల కాపరులు, చేలల్లో పని చేసేవాళ్లు ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలని నా కోరిక. హెచ్చరిక వస్తే చెట్టు కిందికి పరిగెత్తకూడదు, పక్కా కప్పు ఉన్న చోటికి చేరుకోవాలి. యాప్ ఎక్కించేటప్పుడే ఈ మాట కూడా చెప్పండి.

డిజిలాకర్. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ ఇందులోకి తెచ్చుకుంటే అసలు కాగితాలతో సమానంగా చెల్లుతాయి. లైసెన్సును ఫోటో తీసి గ్యాలరీలో దాచుకుంటే ఆ విలువ రాదు, డిజిలాకర్‌లో సంబంధిత శాఖ నుంచి వచ్చిన పత్రానికే వస్తుంది. ఈ తేడా తెలియక తనిఖీలప్పుడు చాలామంది ఇబ్బంది పడతారు.

రైలుకైతే రైల్‌వన్. రైల్వేల సాంకేతిక సంస్థ క్రిస్ తయారు చేసిన ఈ యాప్ 2025 జూలైలో వచ్చింది. రిజర్వేషన్, జనరల్ టికెట్టు, ప్లాట్‌ఫాం టికెట్టు మూడూ దీంట్లోనే దొరుకుతాయి. గుంతకల్లులో రైలు మారేవాళ్లకు వేర్ ఈజ్ మై ట్రైన్ కూడా బాగా పనికొస్తుంది. మనం రైల్లో కూర్చుని ఉంటే నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంగా రైలు ఎక్కడికి వచ్చిందో చూపిస్తుంది.

మందు డబ్బా సంగతికి గూగుల్ లెన్స్ చాలు. చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. డబ్బా మీద ఇంగ్లీషుకు ఎదురుగా కెమెరా పెట్టి అనువాదం నొక్కితే తెలుగులో కనబడుతుంది. అయితే మోతాదు అంకెలను మాత్రం దాని మాట మీద నమ్మకండి. రైతు సేవా కేంద్రంలో ఒకసారి అడిగాకే కలపండి.

ప్లే స్టోర్‌లో సరైనదాన్ని గుర్తుపట్టడం

ఫోన్‌లో ప్లే స్టోర్ తెరవండి. యాప్ తెచ్చుకోవడానికి అదొక్కటే దారి అనుకోండి. వాట్సాప్ లింకు, ఎస్సెమ్మెస్ లింకు, యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకు ఏదైనా సరే, దాన్ని నొక్కి యాప్ ఎక్కించుకోవద్దు. పేరు గుర్తుపెట్టుకుని వచ్చి ప్లే స్టోర్‌లో మీరే టైపు చేయండి. టైపు చేయడం కష్టమైతే మైకు గుర్తు నొక్కి పేరు పలికితే చాలు.

వెతగ్గానే అన్నిటికంటే పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన. దాని దగ్గర స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని దాటి కిందికి రండి. తర్వాత యాప్ పేరు కింద ఉండే చిన్న పేరు చదవండి. ఆ యాప్ తయారు చేసింది ఎవరో చెప్పేది అదే. శెనక్కాయ విత్తనం కొనేటప్పుడు కదిరి లేపాక్షి రకం అని సంచి మీద పెద్దగా రాసి ఉన్నంత మాత్రాన కొనం కదా, కుట్టు దగ్గరున్న ట్యాగు చూస్తాం, నాలుగు కాయలు వలిచి చూస్తాం. యాప్‌కు ఈ చిన్న పేరే ట్యాగు. డిజిలాకర్ కింద నేషనల్ ఈ-గవర్నెన్స్ డివిజన్ అని ఉండాలి. ఆధార్ యాప్ కింద ఆధార్ సంస్థ యూఐడీఏఐ పేరు ఉండాలి. ఒకే బొమ్మ, దాదాపు ఒకే పేరుతో వేరేవాళ్లు పెట్టిన యాప్‌లు పక్కపక్కనే ఉంటాయి, తికమక పడేది అక్కడే. అనుమానంగా ఉంటే మీ బ్యాంకు లేదా ఆ శాఖ అసలు వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడి నుంచి ప్లే స్టోర్‌కు రండి.

నక్షత్రాలు ఎన్ని ఉన్నాయన్నది నేను పెద్దగా పట్టించుకోను. అభిప్రాయాల్లోకి వెళ్లి కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు ఏం రాశారో పదిమందివి చదువుతాను. "డబ్బు కట్ అయింది", "ప్రకటనలు ఆగడం లేదు", "తీసేసినా పోవడం లేదు" అనే మాటలు మళ్లీ మళ్లీ కనబడితే దాన్ని వదిలేస్తాను. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో కూడా చూడండి. రెండు మూడేళ్లుగా ఎవరూ ముట్టని యాప్ కొత్త ఫోన్లలో సరిగా పనిచేయకపోవచ్చు.

అన్నీ బాగుంటే ఇన్‌స్టాల్ నొక్కండి. సైజు పెద్దదైతే వైఫై ఉన్న చోట చేసుకోండి.

అనుమతుల దగ్గర ఆగండి

మా చిన్నాయన దెబ్బ తిన్నది ఇక్కడే. కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఫోటోలు చూడొచ్చా, కాంటాక్టులు చూడొచ్చా, మీరున్న చోటు తెలుసుకోవచ్చా అని ఒక్కొక్కటే అడుగుతుంది. ప్రతిసారీ మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటే: ఈ పనికి ఇది ఎందుకు? దామినికి మీరున్న చోటు తెలియాలి, లేకపోతే పిడుగు దగ్గరో దూరమో అది చెప్పలేదు. ఇవ్వండి. యూపీఐ యాప్ ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతుంది. మీ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందని నిర్ధారించుకోవడానికి ఫోన్ నుంచి ఒక మెసేజ్ పంపాలి కాబట్టి అడుగుతుంది. అదీ సరే. ఫోటోలకు రంగులద్దే యాప్ ఎస్సెమ్మెస్‌లు చదువుతానంటే మాత్రం వద్దనండి. మీ ఓటీపీలు వచ్చేది వాటిలోనే.

లొకేషన్, కెమెరా, మైకు అడిగినప్పుడు "యాప్ వాడేటప్పుడు మాత్రమే" అనే వీలు కనబడుతుంది. చాలావాటికి అది చాలు. వద్దంటే యాప్ పాడైపోతుందేమోనని టెన్షన్ పడకండి. నిజంగా అవసరమైతే మళ్లీ అడుగుతుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఒక్క అనుమతి విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. దాని పేరు యాక్సెసిబిలిటీ. చూపు లేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించే యాప్‌ల లాంటి వాటి కోసం పెట్టిన మంచి సౌకర్యం అది. మోసపు యాప్ చేతికి చిక్కితే తెర మీద ఉన్నదంతా చదివేస్తుంది, మనకు బదులు బటన్లూ నొక్కేస్తుంది. అలాంటి అవసరం ఇంట్లో ఎవరికీ లేకపోతే ఏ యాప్‌కూ అది ఇవ్వకండి.

పెద్దవాళ్ల ఫోన్లలో ఇంకో పని కూడా చేసి పెట్టండి. సెట్టింగ్స్ పైన వెతికే చోట "అన్‌నోన్ యాప్స్" అని రాస్తే, తెలియని యాప్‌లు ఎక్కించే అనుమతి ఎవరెవరికి ఉందో ఒక పట్టిక వస్తుంది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ అన్నిటికీ అది ఆపేసి ఉండాలి. అప్పుడు ఏపీకే ఫైలు పొరపాటున నొక్కినా ఫోనే అడ్డుపడుతుంది. నేను ఇప్పుడు ఏ చుట్టం ఇంటికి వెళ్లినా కాఫీ తాగేలోపు ముందు ఇది చూస్తున్నాను.

డబ్బు అడిగే యాప్‌లు

"7 రోజులు ఉచితం" అనే యాప్ కార్డు వివరాలో, ఆటోపేకు (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుకు) ఒప్పుదలో అడిగితే ఎనిమిదో రోజు నుంచి డబ్బు పోతుందని అర్థం. యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. ప్లే స్టోర్ ద్వారా ఒప్పుకున్నదైతే అందులో పైన మీ బొమ్మ నొక్కి, చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్ల దగ్గరికి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

అప్పు ఇచ్చే యాప్‌ల విషయంలో మాత్రం దయచేసి నిదానించండి. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం అప్పుల యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాల జోలికి రాకూడదు. ఏదైనా యాప్ వాటిని అడిగిందంటే అక్కడికక్కడే తీసేయండి. వాయిదా తప్పితే చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీయడానికే ఆ కాంటాక్టులు. నియమాలకు లోబడిన సంస్థల లోన్ యాప్‌ల జాబితాను రిజర్వ్ బ్యాంకు 2025 జూలై నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది, అందులో పేరు ఉందో లేదో చూసుకోండి.

ఫోన్‌లో మాట్లాడుతూనే "ఈ యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ మేం చూసి సరిచేస్తాం" అనేవాళ్లు ఎవరైనా సరే, వెంటనే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగేది డబ్బు పంపడం, బ్యాలెన్స్ చూసుకోవడం లాంటి వాటికే.

పొరపాటున నొక్కితే

వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. నెట్ లేకపోతే ఆ యాప్ మీ మెసేజ్‌లు బయటికి పంపలేదు. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాలో లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి, అది దేశమంతటికీ ఉన్న సైబర్ నేరాల సహాయ నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే చెబితే అక్కడ ఆపగలిగే వీలుంటుంది, అందుకే ప్రతి నిమిషం ముఖ్యం. మేము రెండో రోజు చేశాం, అప్పటికే ఆలస్యమైంది.

తర్వాత ఆ యాప్‌ను తీసేయండి. తీసెయ్యనివ్వకపోతే సెట్టింగ్స్‌లో "డివైస్ అడ్మిన్" అని వెతికి, అక్కడ దాని అనుమతి ఆపి మళ్లీ ప్రయత్నించండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లో తెలియని ఫోనో కంప్యూటరో ఉంటే లాగౌట్ చేయండి. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటారేమో, ##002# డయల్ చేస్తే అవన్నీ రద్దవుతాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఫోటోలు వేరే చోట దాచుకుని ఫోన్‌ను మొత్తం రీసెట్ చేయడమే మంచిది. గ్రూపులో ఉన్నవాళ్లకు "నా నుంచి వచ్చిన ఫైలు నొక్కకండి" అని చెప్పడం మరిచిపోకండి. సిగ్గుపడి దాచిపెడితే మీ తర్వాత ఇంకొకరు నష్టపోతారు.

చిన్నాయన ఇప్పుడు ఫోన్ కవరు వెనక ఒక చిన్న కాగితం పెట్టుకున్నాడు. ఒకవైపు 1930, ఇంకోవైపు ఆయన బ్యాంకు నంబరు. ఫోన్ పనిచేయకపోయినా కనబడేలా రెండూ పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.