బ్రౌజర్ ఆటలు తయారుచేసేవాళ్ళకు పనికొచ్చేలా అభిప్రాయం ఎలా రాయాలి?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే బస్సులో, చంద్రగిరి దాటాక, ఫోన్‌లో ఒక పులి-మేక ఆట తెరిచాను. ఇన్‌స్టాల్ చేసే పనిలేకుండా, లింక్ నొక్కితే బ్రౌజర్‌లోనే వచ్చేసే చిన్న ఆట. నాలుగు మేకలు పెట్టాను. అందులో ఒకదాన్ని పక్కకు జరపబోతే కదల్లేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. పూతలపట్టు వచ్చేలోపు విసుగొచ్చేసి, ఆట కింద ఉన్న పెట్టెలో "మీ ఆట పనిచేయడం లేదు, సరిచేయండి" అని రాసి పంపేశాను. మర్నాడు జవాబు వచ్చింది: "ఏం నొక్కితే ఏం జరిగిందో కొంచెం చెప్పగలరా?"

ఇలాంటి చిన్న ఆటలను చాలాసార్లు ఒక్కరే, ఖాళీ దొరికినప్పుడు తయారుచేస్తారు. మన ఫోన్‌లో ఏం జరిగిందో మనం చెప్తే తప్ప వాళ్ళకు తెలిసే దారి లేదు. ఆ చెప్పడం ఎలాగో, నేను తెలుసుకున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఆటలోనే రాసుకోండి

కొత్త ఆట తెరిచేముందు ఒక కాగితమో, ఫోన్‌లో నోట్సో దగ్గర పెట్టుకోండి. ఎక్కడ తడబడ్డారు, ఏ బటన్ కోసం వెతికారు, ఏది అర్థం కాలేదు, అప్పటికప్పుడు రెండు మాటలు రాయండి. నాలుగో ఆటకల్లా చెయ్యి అలవాటు పడిపోతుంది, మొదట్లో పడ్డ ఇబ్బంది గుర్తుండదు. ఆట తయారుచేసినవాళ్ళు దాన్ని వందలసార్లు ఆడి ఉంటారు, కాబట్టి కొత్తవాళ్ళ తడబాటు వాళ్ళకు అసలు కనిపించదు. మీరు ఇవ్వగలిగిన వాటిలో ఎక్కువ విలువైంది అదే.

లోపమా, అర్థం కాకపోవడమా, కోరికా?

రాసుకున్న ప్రతి విషయాన్నీ ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి. ఆట తన నియమాన్ని తానే తప్పితే అది లోపం. ఆట సరిగ్గానే నడుస్తున్నా మనకు తెలియకపోతే అది అర్థం కాకపోవడం. ఉంటే బాగుండు అనిపించేది కోరిక. మూడూ చెప్పదగ్గవే కానీ, వాటిని కలిపేసి రాస్తే చదివేవాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

నా మేక సంగతి అప్పట్లో నాకు లోపంలాగే కనిపించింది. చంద్రగిరిలో ఉండే మా అవ్వకు ఫోన్ చూపిస్తే ఒక్క క్షణంలో తేల్చేసింది. "మేకలన్నీ దిగినాంకనే కదా నాయనా జరిపేది!" ఈ ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. గీతలు కలిసే చోట్లు 23. పదిహేను మేకలూ పటం మీదికి వచ్చేదాకా ఏ మేకనూ కదపకూడదు. అవ్వ దీన్ని పులిజూదం అంటుంది, మా వీధిలో తమిళం మాట్లాడే ఇళ్ళల్లో ఆడుపులి ఆట్టం అంటారు. నేను టౌన్‌లో పెరిగినవాడిని, నేలమీద సుద్దతో గీసి ఆడిందే లేదు. ఆటలో తప్పేమీ లేదు. ఆ నియమం ఎక్కడా చెప్పకపోవడమే ఇబ్బంది. "మేకను నొక్కినప్పుడు 'ఇంకా 11 మేకలు పెట్టాలి' అని కనిపిస్తే నాకు అర్థమయ్యేది" అని రాసి ఉంటే పది నిమిషాల్లో సరిచేసుకునే పని.

ఇంకొకరి చేత ఆడించి, పక్కన మౌనంగా కూర్చోండి

వీలైతే ఈ పని తప్పకుండా చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళో, చిన్నపిల్లలో, ఆ ఆట ఎప్పుడూ చూడనివాళ్ళ చేతికి ఫోన్ ఇవ్వండి. "ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు" అనకండి. మాట్లాడకుండా ఉండటం చాలా కష్టం, నోటిదాకా వస్తుంది. అయినా ఆగండి. వాళ్ళ వేలు ఎక్కడికి వెళ్తోంది, కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, ఎప్పుడు "ఇదేంది?" అంటున్నారు, అది మాత్రం రాసుకోండి.

అవ్వ ఆడుతుంటే చూశాక నాకు రెండు సంగతులు బయటపడ్డాయి. పటం పైకొనలో గీతలన్నీ ఒకచోట కలుస్తాయి, అక్కడ చోట్లు ఒకదానికొకటి మరీ దగ్గర. ఆమె ఒకటి నొక్కితే పక్కది తగులుతోంది. ఆండ్రాయిడ్ యాప్‌లకు గూగుల్ ఇచ్చే డిజైన్ సూచనల్లో నొక్కే చోటు కనీసం 48 డీపీ (తెర మీది సైజులకు ఆండ్రాయిడ్ వాడే కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. ఆ పైకొనలో అందులో సగం కూడా లేదు. రెండోది రంగులు. పులి ఎర్ర చుక్క, మేక పచ్చ చుక్క. మా చిన్నమామకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అవ్వ పక్కన కూర్చుని చూస్తూ, పులి ఏదో మేక ఏదో చెప్పలేకపోయాడు. పులికి ఒక ఆకారం, మేకకు ఇంకో ఆకారం పెడితే ఆ చిక్కు పోతుంది. ఒంటరిగా ఆడుకుంటే ఈ రెండూ నాకు ఎప్పటికీ తెలిసేవి కావు.

లోపమైతే ఇలా రాయండి

ముందు దాన్ని మళ్ళీ రప్పించి చూడండి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ వస్తోందా, ఎప్పుడో ఒకసారి వస్తోందా అన్నది కూడా సమాచారమే. తర్వాత ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు, దాని వెర్షన్, ఏ వరుసలో ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజానికి ఏం జరిగింది, ఇవన్నీ రాయండి. ఉదాహరణకు:

"ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్. పదిహేను మేకలూ పెట్టాక ఫోన్‌ను అడ్డంగా తిప్పాను. పటం తిరిగింది కానీ పులులు పాత చోటే ఉండిపోయాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇలాగే. నిలువుగా ఉంచి ఆడితే ఈ ఇబ్బంది లేదు."

దీనికి స్క్రీన్‌షాట్ గానీ, అర నిమిషం స్క్రీన్ రికార్డింగ్ గానీ జతచేస్తే ఇంకా మేలు. పంపేముందు పైన వచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు, ఫోన్ నంబర్లు అందులో పడ్డాయేమో చూసి కత్తిరించండి.

కొన్ని ఇబ్బందులకు కారణం బ్రౌజర్‌లోనే ఉంటుంది. ఆట తెరవగానే పాట రాలేదని రాయకండి. మనం తెర మీద ఎక్కడో ఒకచోట తాకేదాకా శబ్దం రానివ్వకపోవడం ఇప్పటి బ్రౌజర్ల పద్ధతి. స్కోరు పోయిందంటే, బ్రౌజింగ్ డేటా తుడిచేశారా, ఇన్‌కాగ్నిటోలో ఆడారా అని చూసుకోండి. లాగిన్ లేని ఆటలు చాలావరకు స్కోరును ఆ ఫోన్‌లోని ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటాయి. చిన్నప్పుడు ఆడిన ఫ్లాష్ ఆట (పాత బ్రౌజర్ ఆటలను నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసింది) ఏదైనా తెరుచుకోకపోతే, 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు అడోబీ సపోర్ట్ ఆపేసింది, అది వేరే కథ.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాల్సిన విషయం ఉంది. పరుగెత్తే ఆట మీ పాత ఫోన్‌లో మామూలుగా, స్నేహితుడి కొత్త ఫోన్‌లో రెట్టింపు వేగంతో నడుస్తుంటే రెండు ఫోన్ల రిఫ్రెష్ రేటూ, అంటే సెకనుకు ఎన్నిసార్లు తెరను గీస్తాయో (హెర్ట్జ్‌లలో) రాయండి. పాతది సెకనుకు 60 సార్లు తెరను గీస్తే కొత్తది 120 సార్లు గీస్తుంది. తెర గీసిన ప్రతిసారీ బొమ్మ ఒక అడుగు జరగాలని కోడ్ రాసి ఉంటే, వేగం రెట్టింపు అయిపోతుంది. తయారుచేసినవాళ్ళ దగ్గర 120 హెర్ట్జ్ ఫోన్ లేకపోతే ఈ లోపం వాళ్ళ కంట పడదు.

సలహా చెప్పేటప్పుడు

"టైమర్ పెట్టండి" అనేముందు అది ఎందుకు కావాలనిపించిందో చెప్పండి. "ఎదుటి ఆటగాడు ఎత్తు వేయడానికి ఐదు నిమిషాలు తీసుకుంటున్నాడు, నేను ఆట మూసేస్తున్నాను" అంటే, టైమర్ కంటే మంచి ఉపాయం వాళ్ళకే తట్టవచ్చు. మన సమస్య మనకు బాగా తెలుసు, వాళ్ళ ఆట వాళ్ళకు బాగా తెలుసు.

ఆటగాళ్ళ అలవాటే ఒక్కోసారి ఆటలో భాగమవుతుంది. జోష్ వార్డిల్ తయారుచేసిన వర్డిల్ ఆట (ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఊహించి కనుక్కునేది) 2021 అక్టోబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. న్యూజిలాండ్‌లో కొందరు తమ ఫలితాన్ని రంగు చదరాల ఎమోజీలతో చేత్తో టైప్ చేసి పంచుకోవడం ఆయన గమనించి, ఆ డిసెంబర్‌లో అదే పనికి ఒక బటన్ పెట్టారు. కాబట్టి ఆటలో లేనిదాన్ని మీరు ఏదో ఒక రకంగా సర్దుకుంటూ చేసుకుంటున్నారంటే అది తప్పకుండా రాయండి. నేనైతే అవ్వ ఎన్ని ఆటలు గెలిచిందో క్యాలెండర్ మీద గీతలు పెట్టేవాడిని. అదీ రాశాను.

తెలుగు అక్షరాల సంగతి

తెలుగులో ఉన్న ఆటలకు ఈ సాయం మనమే చేయగలం. ఇంగ్లీషు కొలతలతో గీసిన బటన్లలో మన వత్తులు కింద తెగిపోతాయి. నేను ఆడిన ఆటలో 'మళ్ళీ' అన్న మాటలో కింది ళ-వత్తు సగమే కనిపించేది. "తెలుగు సరిగ్గా లేదు" అని కాకుండా, ఏ బటన్‌పై ఏ అక్షరం ఎక్కడ తెగిందో ఫొటో తీసి పంపండి. మాటలు పొడవై బటన్ దాటిపోతుంటే చిన్న మాట మీరే చెప్పండి. 'ఆటను పునఃప్రారంభించండి' బదులు 'మళ్ళీ ఆడు' చాలు.

పంపాక

ఒక మెసేజ్‌లో ఒకే విషయం రాయండి, నచ్చినది కూడా ఒక ముక్క చెప్పండి. దేన్ని మార్చకూడదో వాళ్ళకు అలాగే తెలుస్తుంది. జవాబుకు రెండు వారాలైనా ఆగండి. సరిచేశామని చెప్తే పేజీని మళ్ళీ లోడ్ చేసి, అదే ఫోన్‌లో, అదే వరుసలో మళ్ళీ ఆడి చూసి చెప్పండి. బ్రౌజర్ ఒక్కోసారి పాత కాపీనే చూపిస్తుంది, అప్పుడు ఆ సైట్ డేటా తుడిచి తెరవాలి, స్కోరు పోతుంది కాబట్టి ముందే రాసిపెట్టుకోండి.

నేను పంపిన వాటిలో మేకల లెక్క ఇప్పుడు తెర పైన కనిపిస్తోంది, పులికి చెవులు వచ్చాయి. ళ-వత్తు ఇంకా తెగే ఉంది. ఈసారి అవ్వ ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ జతచేసి మళ్ళీ రాశాను.