పెద్ద జంతువుల వేటలో రైఫిల్ బుల్లెట్: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి?

దెబ్బ తిన్న జంతువు తప్పించుకుపోతే చాలామంది ముందు క్యాలిబర్‌ను (తుపాకీ గొట్టం లోపలి వ్యాసాన్ని) తప్పుపడతారు. ఇంకా పెద్ద రైఫిల్ కొంటారు, అదే సమస్య మళ్లీ ఎదురవుతుంది. జంతువును తాకే క్షణంలో బుల్లెట్ ఎంత వేగంతో ఉంది, ఆ వేగాన్ని తట్టుకునేలా దాన్ని తయారుచేశారా అన్నవి ముందుగా చూడాలి. ఒక ప్రాణిని గాయపరిచి వదిలేయడం కన్నా వేటలో పెద్ద తప్పు లేదు. కాబట్టి ఈ రెండు సంగతులూ తేల్చుకున్నాకే అడవిలో అడుగుపెట్టాలి.

బుల్లెట్‌ను అనుమానించే ముందు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. పొట్టలో తగిలిన దెబ్బను ఏ బుల్లెట్టూ సరిచేయలేదు. జంతువును కోసేటప్పుడు గాయం దారిని మొదటి నుంచి చివరి దాకా వెతకండి. దొరికిన బుల్లెట్‌ను కడిగి తూచండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

పైన పెద్ద గాయం, లోపలికి మాత్రం దిగలేదు

భుజం మీద మాంసం చితికిపోయి ఉంటుంది, ఊపిరితిత్తులకు పెద్దగా ఏమీ కాదు. చర్మం కింద ఖాళీ రాగి తొడుగు ఒకచోట, సీసం తునకలు మరోచోట దొరుకుతాయి. బుల్లెట్ తట్టుకోలేనంత వేగంతో ఎముకను తాకిందని దీని అర్థం.

పలుచని తొడుగులో సీసం పోసి చేసే మామూలు బుల్లెట్ మధ్యస్థ వేగాల్లో చక్కగా పనిచేస్తుంది. 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్లను తూచే చిన్న కొలత) బుల్లెట్ .308 విన్‌చెస్టర్ అనే తూటా (బుల్లెట్, మందుగుండు కలిసినది) నుంచి సెకనుకు సుమారు 2,600 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. ఎక్కువ మందుగుండు పట్టే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నం అదే బరువును 2,950 అడుగుల దాకా తీసుకెళ్తుంది. ముప్ఫై గజాల్లో ఎల్క్ అనే పెద్ద జింక భుజపుటెముకను ఆ వేగంతో తాకితే మొన ఒక్కసారిగా చితికిపోయి, సీసం తొడుగు నుంచి విడిపోతుంది. చిత్రమేమిటంటే అదే రైఫిల్‌తో, అదే బుల్లెట్‌తో మూడు వందల గజాల్లో కొడితే ఏ ఫిర్యాదూ ఉండదు.

1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడికి ఒక మూస్ (భారీ జింక) విషయంలో ఇదే ఎదురైంది. తొడుగు మధ్యలో అడ్డంగా రాగి గోడ ఉండేలా ఆయన బుల్లెట్‌ను రూపొందించి 1948 నుంచి అమ్మారు. ముందు భాగం విచ్చుకుంటుంది, గోడ దాన్ని ఆపుతుంది, వెనుక భాగం లోపలికి దూసుకుపోతుంది. ఈ పార్టిషన్ రకంతో పాటు ఇప్పుడు సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం, పూర్తిగా రాగితో చేసిన రకం కూడా దొరుకుతున్నాయి. మ్యాగ్నం రైఫిల్‌తో దగ్గరి దూరంలో వేటాడేవారు ఈ మూడింటిలో ఒకటి వాడితీరాలి.

బరువు పెంచితే చాలదా అంటే, కొంత మేలు జరుగుతుంది. కానీ నిర్మాణం ముందు బరువు రెండో మాటే. 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్ 180 గ్రెయిన్ల మామూలు బుల్లెట్ కన్నా లోతుకు వెళ్లడం సాధారణమే. తన బరువులో దాదాపు అంతా అది చివరి దాకా నిలుపుకుంటుంది.

ఇటు నుంచి అటు దూసుకుపోయింది, జంతువు మాత్రం పరుగు ఆపలేదు

లోపలికి వెళ్లిన రంధ్రం, బయటికి వచ్చిన రంధ్రం దాదాపు ఒకే సైజులో ఉంటాయి. నేల మీద రక్తం జాడ చాలా తక్కువ. బుల్లెట్ పుట్టగొడుగులా విచ్చుకోకుండానే దాటిపోయింది.

ముందుగా బుల్లెట్ రకం చూడండి. మొన దాకా తొడుగు కప్పిన సైనిక బుల్లెట్ విచ్చుకోకుండా చేసినదే. యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లు వాడకూడదని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించింది. జింకల మీద సైనిక బుల్లెట్‌ను వాడటం క్రూరత్వం, చాలాచోట్ల చట్టవిరుద్ధం కూడా. పోటీల కోసం చేసే మ్యాచ్ బుల్లెట్‌ను కూడా నమ్మకండి. దాని మొనలోని సన్నని రంధ్రం తయారీ పద్ధతి వల్ల మిగిలినదే తప్ప విచ్చుకోవడానికి పెట్టినది కాదు.

రకం సరైనదే అయితే వేగం చాలలేదన్నమాట. సీసం బుల్లెట్లు చాలావరకు వేగం 1,800 అడుగులకు తగ్గే దాకా విచ్చుకుంటాయి. రాగి బుల్లెట్లకు కనీసం సుమారు 2,000 కావాలి. కచ్చితమైన అంకె తయారీదారు ఇస్తారు. .30-06 తూటా నుంచి 2,700 అడుగులతో బయల్దేరిన 180 గ్రెయిన్ల బుల్లెట్ 400 గజాలకు చేరేసరికి దాదాపు 1,900కు పడిపోతుంది. సీసానికి ఫరవాలేదు, రాగికి చాలదు. పైగా పెట్టె మీది వేగం పరీక్షల కోసం వాడే పొడవాటి తుపాకీ గొట్టంతో కొలిచినదై ఉండవచ్చు. గొట్టం పొట్టిదైతే మీకు అంత వేగం రాదు.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో మీ రైఫిల్ అసలు వేగం కొలవండి. ఏ దూరంలో ఎంత వేగం మిగులుతుందో చూపే బాలిస్టిక్ పట్టికలో వేగం ఆ కనీస అంకెకు పడిపోయే దూరం చూసి, చీటీ మీద రాసి రైఫిల్ మడమకు అతికించండి. అంతకు మించిన దూరంలో జంతువు ఎంత అందంగా పక్కకు తిరిగి నిలబడినా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. రాగి వాడేవారు ఒక మెట్టు తేలిక బరువు ఎంచుకుంటే బయల్దేరే వేగం పెరుగుతుంది.

ఏనుగు పుర్రెను ఛేదించాలంటే మాత్రం విచ్చుకోని గట్టి బుల్లెటే కావాలి. 20వ శతాబ్దం తొలినాళ్లలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే ఏనుగుల వేటగాడు చిన్న 7×57 రైఫిల్‌తో వందల ఏనుగులను కొట్టగలగడానికి కారణం ఎముకలోనూ దారి తప్పని పొడవాటి గట్టి బుల్లెట్, మెదడు ఎక్కడుంటుందో ఆయనకున్న జ్ఞానం. దాన్ని అనుకరించవద్దు. అలాంటి జంతువులకు ఆఫ్రికాలో చాలా దేశాలు .375 క్యాలిబర్‌ను కనీసంగా పెట్టాయి.

రాగికి మారాక గురి చెదిరిపోయింది

రాగి సీసం కన్నా తేలిక. అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది, దాన్ని నిలకడగా తిప్పడానికి గొట్టంలోని గాడులు మరింత బిగువుగా చుట్టి ఉండాలి. కాగితం మీద రంధ్రాలు కోలగా, పక్కవాటుగా కనిపిస్తే బుల్లెట్ గాలిలో తడబడుతున్నట్టే. రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, శుభ్రపరిచే కడ్డీకి గుడ్డ బిగువుగా చుట్టి గొట్టంలోకి తోయండి. కడ్డీ మీద గుర్తు ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో కొలవండి. తయారీదారు అడిగిన దానికన్నా ఆ అంకె ఎక్కువైతే బరువు తగ్గించాలి. పాత బుల్లెట్ల మడ్డిని గొట్టంలోంచి పూర్తిగా తీసేశాకే కొత్తవి పరీక్షించండి.

మాంసం చాలా పాడైంది

వేగం ఎక్కువ, దెబ్బ భుజం మీద. బరువైన, నెమ్మదైన బుల్లెట్ వాడి భుజం వెనుక పక్కటెముకల్లో కొడితే నష్టం బాగా తగ్గుతుంది. సీసం తునకలు కంటికి కనిపించనంత చిన్నవిగా గాయానికి చాలా దూరం దాకా చెదురుతాయి కాబట్టి చుట్టుపక్కల మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి. ఇంట్లో పిల్లలు తింటారంటే నేనైతే రాగికే ఓటు వేస్తాను. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి తుపాకీ వేటలో సీసం పూర్తిగా నిషిద్ధం.

లీవర్ రైఫిల్‌కు సూదిమొన బుల్లెట్లు

పిడిని కిందికి లాగి తూటా మార్చే లీవర్ రైఫిళ్లలో చాలావాటికి గొట్టం కింద పొడవాటి మ్యాగజైన్ ఉంటుంది. అందులో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. గట్టి సూదిమొన ముందున్న తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందుగుండును అంటించే అడుగు భాగానికి) ఆనుకుని ఉంటుంది, కాల్చినప్పుడు వచ్చే కుదుపుకు అది లోపలే పేలవచ్చు. ఇక్కడ చప్పిడి మొన ఉన్నవి గానీ, ఈ రైఫిళ్ల కోసమే చేసిన మెత్తని పాలిమర్ మొనవి గానీ తప్ప మరేవీ నింపకండి.