బరువైన బీరువాని పక్కకి జరిపిన పద్ధతి

గోడకి చెమ్మ పట్టింది, ఇనప బీరువాని పక్కకి జరపాలి. ఇద్దరం భుజం పెట్టి తోస్తే జరగలేదు సరికదా, అవతలివైపు ఒరగబోయింది.

కాగితం తీసి లెక్క వేశాను. సామానుతో సుమారు 120 కిలోలు, వెడల్పు 90 సెం.మీ. ఇనుముకీ గచ్చుకీ మధ్య ఘర్షణ గుణకం (జారడానికి బరువులో ఎన్నో వంతు బలం కావాలో చెప్పే అంకె) 0.5 అనుకుంటే, జారడానికి 60 కిలోల బరువుకి సమానమైన బలం కావాలి. మేం తోసింది 130 సెం.మీ. ఎత్తులో. గరిమనాభి (బరువంతా ఉన్నట్టు లెక్కేసే చోటు) మధ్యలో, అంటే అంచుకి 45 సెం.మీ. దూరంలో ఉంటే, ఆ ఎత్తులో 120 × 45 ÷ 130, అంటే దాదాపు 42 కిలోల బలానికే ఒరుగుతుంది. జారేలోపే పడుతుందన్నమాట! 120 × 45 ÷ 60 లెక్కన, 90 సెం.మీ. ఎత్తు కన్నా కింద తోస్తే ఒరగదు, కానీ 60 కిలోల బలం మాత్రం పెట్టాల్సిందే.

అందుకని ఘర్షణనే తగ్గించాం. 150 సెం.మీ. గడ్డపార మొన అంచు కింద దూర్చి, మొనకి 10 సెం.మీ. దూరంలో చెక్కముక్క ఆనించాను. అటు 10, ఇటు 140: బలం 14 రెట్లు. ఒక పక్క లేపడానికి సగం బరువే ఎత్తాలి కాబట్టి, చేతికి నాలుగున్నర కిలోలు కూడా పడలేదు. ఊరికే రాదు లెండి, అంచు 2 సెం.మీ. లేవాలంటే చెయ్యి 28 సెం.మీ. దిగాలి.

సందులోకి ఇనప గొట్టాలు అడ్డంగా తోశాం. (కాళ్లున్న బీరువా అయితే కింద పలక వెయ్యాలి.) ఆ తర్వాత నడుం ఎత్తులో ఒక్కడు తోస్తే దొర్లింది. ముందే ఎదురుగా ఒక అడ్డుచెక్క పెట్టుకోండి, కదిలాక ఆపడం కష్టం.