సెకండ్ హ్యాండ్ మోటారు బోటు కొన్నారా? ఇంటి ముందు ఇంజను స్టార్ట్ చేయకండి

గత ఆదివారం మధ్యాహ్నం, హైదరాబాద్‌కు గంటన్నర దూరంలో, అలుగు పారుతున్న ఒక చెరువు మధ్యలో మోటారు బోటు ఆగిపోయింది. అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇంజను కాసేపు కీచుమని హెచ్చరిక మోగించి నిలిచిపోయింది. గాలి బోటును అలుగు వైపు నెడుతుంటే, థర్మకోల్ తెప్ప మీద వల వేస్తున్న ఇద్దరు మత్స్యకారులు తాడు విసిరి ఒడ్డుకు లాగారు. బోటు కొని ఇరవై రోజులైనా కాలేదు.

మర్నాడు ఆ ఇంజను రాణిగంజ్‌లోని మా షెడ్డుకు వచ్చింది. కింది భాగం విప్పి నీళ్ల పంపు మూత తీశాను. లోపల ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. దానికి ఆరు రెక్కలు ఉండాలి, రెండే మిగిలాయి. తక్కినవి నల్లటి పొడిగా మూతకు అంటుకుపోయాయి. మాడిన రబ్బరు వాసన ఇంకా పోలేదు. కొన్న రోజు ఏం చేశారని అడిగాను. ఇంటి ముందు ట్రైలర్ మీదే ఉంచి పూజ చేయించారట. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధిలో అందరూ చూస్తుండగా ఇంజను స్టార్ట్ చేశారట. “రెండు నిమిషాలు కూడా నడపలేదండీ” అన్నారాయన.

ఆ రెండు నిమిషాలే చాలు. కారుకు రేడియేటర్ ఉన్నట్టు, బోటు వెనుక తగిలించే ఈ ఇంజనుకు ఉండదు. బోటు తేలే నీటినే ఇంపెల్లర్ పైకి తోడి ఇంజనును చల్లబరుస్తుంది. ఆ రబ్బరు రెక్కలు లోహపు గిన్నెను ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య నూనె, గ్రీజు పని చేసేది నీరే. నీరు లేకపోతే కొన్ని సెకన్లలోనే రబ్బరు కాలడం మొదలవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఏమిటంటే, ఆ రోజు మీకేమీ తెలియదు. ఇంజను చక్కగానే మోగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. సగం మాడిన రెక్కలు తర్వాత నడి చెరువులో, వేగం పెంచినప్పుడు తెగిపోతాయి. తెగిన ముక్కలు నీటి దారుల్లో ఇరుక్కుంటాయి. ఇంజను వేడెక్కి పట్టేస్తే మరమ్మతు ఖర్చు బోటు కొన్న ధరకు దగ్గరగా వస్తుంది. షెడ్డుకు వచ్చే పాత బోట్లలో నేను ఎక్కువగా చూసేది ఈ తప్పునే. నీళ్లు లేకుండా ఇంజను స్టార్ట్ చేయకండి.

అమ్మినవారు కూడా ‘కండిషన్ చూడండి’ అంటూ మీ ముందు పొడిగానే స్టార్ట్ చేసి ఉంటారు. కాబట్టి కొన్న వెంటనే, ఎవరు ఏమి చెప్పినా వినకుండా, ఇంపెల్లర్ కొత్తది వేయించండి. బోటు సంవత్సరమంతా కదలకుండా ఉన్నా మార్చాల్సిందే. ఒకే వంపులో ఉండిపోయిన రెక్కలు మళ్లీ నిటారుగా లేవవు.

ఇంట్లో స్టార్ట్ చేసి తీరాలంటే రెండు దారులున్నాయి. నీరు పీల్చే రంధ్రాలకు అటూ ఇటూ బిగించే రబ్బరు కప్పులు దొరుకుతాయి, వాటికి కుళాయి పైపు తగిలించండి. లేదా 200 లీటర్ల నీలం డ్రమ్ములో నీళ్లు నింపి ఇంజను కాలు, అంటే నీటిలో మునిగే కింది భాగం, దించండి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక మీద బెత్తెడు నీరు నిలవాలి. ప్రొపెల్లర్ ముందే విప్పేయండి, గేరు వేయకండి, వేగం పెంచకండి. ఇంజను వెనుక నుంచి సన్నటి నీటి ధార చిమ్ముతుంది. ఆ ధార కనిపించకపోతే అక్కడే ఆపేయండి. ఈ పని ఆరుబయటే చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణం తీస్తుంది.

మన దగ్గరకు వచ్చే పాత బోట్లలో కొన్ని సముద్ర తీరం నుంచి వస్తాయి. ఉప్పు పేరుకుని నీటి దారులు ఇరుకై ఉంటాయి, పైపు పెట్టి మంచినీటితో చాలాసేపు కడగాలి. ఇంజనుకు బిగించిన జింకు ముక్కలు కూడా చూడండి. లోహం తుప్పు పట్టకుండా అవి ముందుగా కరిగిపోతాయి. ఉప్పునీటికి జింకు సరే, మన చెరువుల మంచినీటికి మెగ్నీషియం ముక్కలు కావాలి.

గేరు ఆయిల్ కింది స్క్రూ విప్పి తీయండి. పాలలా తెల్లగా వస్తే లోపలికి నీరు చేరింది, సీలు పోయిందని అర్థం. తరచుగా దానికి కారణం ప్రొపెల్లర్ వెనుక ఇరుసుకు చుట్టుకున్న నైలాన్ గాలం దారమే. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించండి, పై రంధ్రంలో కనిపించే వరకూ. వాషర్లు కొత్తవి వేయండి.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిల్వ ఉంటే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజనుకు ఇంధనం వెళ్లేదీ ఆ అడుగు నుంచే. పాత పెట్రోలంతా తీసేయండి. ఫిల్టరు, గట్టిపడిన రబ్బరు గొట్టాలు మార్చండి.

ఇంజను బోటు లోపలే ఉండే రకమైతే ఇంకో ప్రాణాంతకమైన తప్పు జరుగుతుంది. చవక అని కారు ఆల్టర్నేటరో (బ్యాటరీని ఛార్జ్ చేసేది), కారు స్టార్టరో తెచ్చి బిగిస్తారు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, బోటు అడుగున మడుగు కట్టినట్టు నిలుస్తుంది. బోటు కోసం చేసిన భాగాలు నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి. కారు భాగాలు అలా ఉండవు. స్టార్ట్ చేసే ముందు మూతలు తెరిచి, ఫ్యాను ఉంటే కనీసం నాలుగు నిమిషాలు తిప్పి, వంగి వాసన చూడండి.

తక్కినవి వరుసగా చెబుతున్నాను, ఏదీ వదలకండి.

– ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 ప్రకారం తనిఖీ పత్రం, రిజిస్ట్రేషన్ అడగండి. ఆ చెరువులో మోటారు బోటుకు అనుమతి ఉందో లేదో ముందే తెలుసుకోండి.

– మరమ్మతు తర్వాత మొదటి పరీక్షకు పిల్లలను ఎక్కించకండి. ఇతర బోట్లకు దూరంగా నడపండి. 2024 డిసెంబరు 18న ముంబయి తీరంలో ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళం స్పీడు బోటు అదుపు తప్పి ప్రయాణికుల ఫెర్రీని ఢీకొట్టింది. శిక్షణ పొందినవారి చేతిలోనే అలా జరిగింది.

– ఇంజనును ఆపే ఎర్ర తాడు నడిపేవారి ఒంటికి కట్టి ఉండాలి. సీటుకు కాదు.

– గుర్రపుడెక్క కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లండి. వేర్లు, ప్లాస్టిక్ సంచులు నీరు పీల్చే రంధ్రాలను మూసేస్తాయి. అప్పుడు నడి చెరువులో ఉన్నా ఇంపెల్లర్‌కు నీరు అందదు, ఇంటి ముందు స్టార్ట్ చేసినట్టే.

– నిమజ్జనం జరిగిన చెరువులో ఒడ్డు దగ్గర ఇంజను పైకి లేపి తెడ్డు వేయండి. నీటి కింద ఇనుప చువ్వలు ఉంటాయి.

– తెడ్లు, లంగరు, పొడవైన తాడు లేకుండా కదలకండి.

– లైఫ్ జాకెట్టు తొడుక్కోండి. సీటు కింద దాచకండి.

– అలుగు పారుతుంటే ఆ చెరువులోకి దిగకండి.

– ట్రైలర్ చక్రాల బేరింగులు దారిలో వేడెక్కుతాయి. చల్లారాకే నీళ్లలోకి దించండి, లేకపోతే లోపలికి నీరు లాక్కుంటాయి.

– బంధువులు వచ్చి ‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూపించు’ అంటే, నీళ్లు లేకుండా చేయకండి. ఆయుధపూజ రోజైనా సరే. పసుపు కుంకుమలు పెట్టండి, హారతి ఇవ్వండి, తాళంచెవి మాత్రం తిప్పకండి.

– ఒడ్డుకు వచ్చాక అడుగున ఉన్న బిరడా తీసి నీరంతా పోనివ్వండి. తీసిన బిరడాను ఇంజను తాళంచెవికే కట్టి ఉంచండి.