తవాంగ్ బౌద్ధ మఠానికి ఎలా వెళ్లాలి?

అరుణాచల్ ప్రదేశ్‌లో, సుమారు పదివేల అడుగుల ఎత్తున, కొండ అంచు మీద ఉంటుంది తవాంగ్ మఠం. ఐదో దలైలామా కోరిక మేరకు మెరాక్ లామా అనే బౌద్ధ గురువు 1680-81లో కట్టించాడు. మన దేశంలోని బౌద్ధ మఠాల్లో ఇదే పెద్దది. మఠం గురించి అందరూ చదువుకునే వెళ్తారు. ఇబ్బంది పెట్టేది దారి.

ముందు పర్మిట్ సంగతి చూసుకోండి. భారతీయులకు ఇన్నర్ లైన్ పర్మిట్ (రాష్ట్రంలోకి అడుగుపెట్టడానికి అనుమతి) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి, భాలుక్‌పోంగ్ చెక్ గేటు దగ్గర అడుగుతారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇది సరిపోదు. ఓసీఐ కార్డు ఉన్నా విదేశీ పౌరులకిచ్చే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాల్సిందే.

తర్వాత ప్రయాణం. గువాహటి దాకా విమానం, అక్కణ్నుంచి తేజ్‌పూర్, భాలుక్‌పోంగ్, బొమ్డిలా, దిరాంగ్ మీదుగా రోడ్డు. ఒక్క రోజులో వెళ్లిపోదామనుకోవద్దు. ఎత్తు ఒంటికి అలవాటు కావాలంటే రాత్రికి దిరాంగ్‌లో ఆగండి, అది 5,000 అడుగుల ఎత్తే. మర్నాడు దాటాల్సిన సేలా కనుమ 13,700 అడుగులు! 2024 మార్చిలో దాని కింద సొరంగం తెరిచారు కాబట్టి మంచు రోజుల్లో టెన్షన్ తగ్గింది. ఆకాశం తేటగా ఉంటే మాత్రం పాత దారిలో వెళ్లమని డ్రైవర్‌ని అడగండి, సేలా సరస్సు అక్కడే ఉంది. ఫోటోల కోసం పరుగులు పెట్టకండి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. తలనొప్పి, వాంతులు ముదురుతుంటే పైకి వెళ్లడం ఆపి కిందికి దిగాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

మఠానికి పొద్దున్నే వెళ్లండి. ప్రార్థన ఎన్నింటికో ముందురోజే కనుక్కోవాలి. కాకలింగ్ అనే ద్వారం దాటేటప్పుడు చాలామంది తల ఎత్తరు. లోపలి పైకప్పు నిండా మండలాలనే బౌద్ధ వలయ చిత్రాలు ఉంటాయి, ఓ నిమిషం నిలబడి చూడండి. దుఖాంగ్ అనే ప్రధాన మందిరంలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. నేల చల్లగా జివ్వుమంటుంది, మందపాటి సాక్సులు వేసుకోండి. లోపల ఎత్తైన బుద్ధ విగ్రహం, దాని ముందు వరసగా భిక్షువుల ఆసనాలు. వాటి మధ్యలోంచి నడవకుండా గోడవారగా వెళ్లండి. ప్రదక్షిణ మన గుళ్లో చేసినట్టే. ఫోటో తీసే ముందు అడగండి. భిక్షువులతో మాట కలిసిందా, అమరావతి పేరెత్తి చూడండి: బుద్ధుడు కాలచక్ర అనే తంత్ర బోధ చేసింది అమరావతి దగ్గరి ధాన్యకటకంలోనేనని టిబెటన్ల నమ్మకం, 2006లో దలైలామా అమరావతిలోనే కాలచక్ర దీక్షా కార్యక్రమం నిర్వహించారు.

చైనా సరిహద్దులోని బుమ్ లా కనుమ కూడా చూడాలంటే దానికి వేరే అనుమతి కావాలి. తవాంగ్ చేరిన రోజే గుర్తింపు కార్డులు స్థానిక టాక్సీవాళ్లకు ఇచ్చి ఆ పని మొదలుపెట్టించండి. 15,000 అడుగులు దాటే చోటది, కాబట్టి మఠం చూశాకే పెట్టుకోండి. చలికాలంలో నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది, తెల్లవారగానే బయల్దేరాలి.