జియోక్యాషింగ్: దాచిన డబ్బాను వెతికి పట్టుకోవడం ఎలా?

జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేసింది. అంతవరకు సామాన్యుల జీపీఎస్ రిసీవర్లు స్థలాన్ని వంద మీటర్ల దాకా తేడాతో చూపించేవి. ఆ మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవి పక్కన ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో ఒక చిక్కుడుగింజల టిన్ను, ఒక ఉండేలు, ఇంకా కొన్ని చిల్లర సామాన్లు. ‘ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి’ అన్నదే నియమం. ఇప్పుడు ప్రపంచమంతటా ఆడుతున్న జియోక్యాషింగ్ అనే ఆట అలా మొదలైంది. ఒకరు డబ్బా దాచి అది ఉన్న చోటి అంకెలు చెబుతారు, మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతికి పట్టుకుంటారు. ఆడటం ఎలాగో చూద్దాం.

1. ఖాతా, యాప్

సియాటిల్‌లోని గ్రౌండ్‌స్పీక్ సంస్థ నడిపే జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో ఉచిత ఖాతా తెరవండి. వాళ్ల సొంత యాప్ ఉంది. ఆండ్రాయిడ్ వాళ్లకు సీ:జియో అనే ఉచిత యాప్ కూడా ఉంది. డబ్బు కట్టే సభ్యత్వం జోలికి ఇప్పుడే వెళ్లకండి. కట్టకపోతే కొన్ని డబ్బాలు కనిపించవు గానీ, నేర్చుకునే దశలో ఆ లోటు తెలియదు.

మీరుండే చోట మ్యాపు తెరవండి. అమెరికాలోనో జర్మనీలోనో ఉంటే పేట పార్కులోనే గుర్తులు గుంపులుగా కనిపిస్తాయి. మన రాష్ట్రాల్లో అలా కాదు, వాటిని వెతుక్కుంటూ కాస్త దూరం వెళ్లాలి.

2. మొదటి డబ్బాను ఎంచుకోవడం

ప్రతి డబ్బాకూ రెండు అంకెలుంటాయి. కనిపెట్టడం ఎంత కష్టమో ఒకటి చెబుతుంది, అక్కడికి చేరడం ఎంత కష్టమో రెండోది. రెండూ 1 నుంచి 5 వరకు. చేరే కష్టం 1 అంటే చక్రాల కుర్చీలో కూడా వెళ్లొచ్చు. 5 అంటే తాడో పడవో కావాలి. మొదటిసారి రెండు అంకెలూ 2 దాటనివి, ‘ట్రెడిషనల్’ రకంవి చూసుకోండి. ఇవి చెప్పిన చోటే ఉంటాయి. ‘మల్టీ’ ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిప్పుతుంది. ‘మిస్టరీ’లో ముందు చిక్కుముడి విప్పాలి.

పరిమాణం కూడా చూడాలి. ‘మైక్రో’ అంటే పాత కెమెరాల ఫిల్మ్ రోలు డబ్బా అంతది, కొన్ని చిటికెన వేలి గోరంత కూడా ఉంటాయి. పిల్లలతో వెళ్తుంటే ‘రెగ్యులర్’ మేలు. లీటరు పైన పట్టే డబ్బా కాబట్టి లోపల బొమ్మలు, గోళీలు దొరుకుతాయి. చివరిగా ఎవరెవరికి ఎప్పుడు దొరికిందో చదవండి. ఈమధ్య వచ్చిన నలుగురూ ‘దొరకలేదు’ అని రాసి ఉంటే, ఆ డబ్బా అక్కడ లేకపోవచ్చు.

3. సంచిలో ఏం ఉండాలి

ఈ వ్యసనం ఉన్నవాళ్లకు సామాన్ల పిచ్చి కూడా ఉంటుంది. నిజంగా తప్పనివి ఒక పెన్ను (డబ్బాలోని కాగితం మీద పేరు రాయాలి), పవర్ బ్యాంకు, నీళ్లు. డబ్బాల్లో పెన్ను ఉండదు, ఉన్నా రాయదు. తర్వాత కొనదగ్గవి: తలకు కట్టుకునే లైటు, చుట్టి పెట్టిన కాగితాన్ని లాగడానికి పట్టకారు, రాతి సందుల్లోకి చూడటానికి పంటి డాక్టర్ల అద్దం, తోట పనికి వాడే గ్లవ్స్, ఒక కర్ర.

గార్మిన్ ఈట్రెక్స్ లాంటి చేతి జీపీఎస్‌లు రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి, వానకు భయపడవు. రోజంతా కొండల్లో తిరిగేవాళ్లకు బాగుంటాయి. పార్కులో తిరగడానికి ఫోను చాలు. విదేశాల నుంచి ఊరికి వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: శాటిలైట్ ద్వారా మెసేజీలు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలను, శాటిలైట్ ఫోన్లను టెలికాం శాఖ అనుమతి లేకుండా భారతదేశంలోకి తేకూడదు. వీటిని తెచ్చి ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడినవాళ్లున్నారు.

4. అంకెలు చదవడం

ఈ ఆటలో స్థలాన్ని డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో రాస్తారు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). చార్మినార్ అయితే ఉత్తరం 17° 21.696', తూర్పు 78° 28.482'. ఫోను మ్యాపులు మాత్రం 17.3616 అని చూపిస్తాయి. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణిస్తే నిమిషాలొస్తాయి. నిమిషంలో వెయ్యో వంతు అంటే ఉత్తర దక్షిణాల్లో సుమారు 1.85 మీటర్లు. చివరి అంకెను తప్పు కొడితే పక్క చెట్టు కింద వెతుకుతారు, నిమిషాల అంకె తప్పితే పక్క ఊరికి పోతారు.

బయల్దేరే ముందు ఆ ప్రాంతం మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపే రాదు.

5. చివరి పది మీటర్లు

అసలు ఆట ఇక్కడే. ఆకాశం బాగా కనిపించే చోట మీ ఫోను సుమారు 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. డబ్బా దాచినవాళ్ల ఫోనుకూ అంతే తేడా ఉండి ఉంటుంది. రెండూ కలిస్తే పది మీటర్లు. గుబురు చెట్ల కింద, ఎత్తు గోడల పక్కన సంకేతం తట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ‘2 మీటర్లు’ అని ఫోను చెప్పగానే అక్కడే నేల తవ్వినట్టు వెతకడం వృథా. యాప్‌లో దారి చూపే బాణం గిరగిరా తిరుగుతుంటే ఫోను జేబులో పెట్టేయండి.

ఇక కళ్లకు పని చెప్పండి. ‘నేనైతే ఎక్కడ దాస్తాను?’ అని ఆలోచించండి. అవసరం లేని చోట పేర్చిన రాళ్లు, మరీ ఒద్దికగా పడున్న పుల్లలు, కంచె స్తంభం మీద కదిలే మూత, ఇనుప బెంచీ అడుగున అయస్కాంతం లాంటివి చూడండి. సందులో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. మన దగ్గర పాములు, తేళ్లు ఉంటాయి. అమెరికా అడవుల్లో మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. అరగంట చూసినా దొరక్కపోతే యాప్‌లోని సూచన తెరవండి. అక్కడ బింకానికి పోనక్కర్లేదు.

చుట్టుపక్కల జనం ఉంటే ఆగండి. పొద మాటున డబ్బా తీసి ఏదో రాసుకుంటున్న మనిషిని చూసి ఎవరికైనా అనుమానం వస్తుంది. పోలీసులు వచ్చి అడిగితే ఫోను చూపించి ఉన్నదున్నట్టు చెప్పండి.

6. దొరికాక

లోపలి కాగితం మీద తేదీ, మీ ఖాతాకు పెట్టుకున్న పేరు రాయండి. కాగితం మీద పేరు లేకపోతే దొరికినట్టు లెక్క కాదు. వస్తువు తీసుకుంటే దానికి సమానమైనదో, అంతకన్నా మంచిదో పెట్టండి. తినేవి, కత్తులు పెట్టొద్దు. చీమలకూ పందులకూ ప్లాస్టిక్ డబ్బా ఒక లెక్క కాదు. నంబరు చెక్కిన ‘ట్రావెల్ బగ్’ బిళ్ల కనిపిస్తే అది ఉంచుకోవడానికి కాదు, తీసుకెళ్లి ఇంకో డబ్బాలో వేయాలి. మూత గట్టిగా బిగించి, ఎలా ఉన్నది అలాగే పెట్టేయండి. తర్వాత యాప్‌లో రాయండి. దొరక్కపోయినా రాయండి, డబ్బా యజమాని వచ్చి చూసుకోవడానికి అదే ఆధారం.

7. మీరే దాచాలనుకుంటే

ఒక పాతిక దొరికాకే ఆ పనికి పూనుకోండి. స్థలం యజమాని అనుమతి ఉండాలి. గొయ్యి తవ్వి పాతకూడదు. ఇంకో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. రైలు పట్టాలు, విమానాశ్రయాలు, రక్షిత కట్టడాల దగ్గర వద్దు. వాలంటీర్ సమీక్షకులు ఇవన్నీ చూసి ఒప్పుకుంటేనే మ్యాపులోకి ఎక్కుతుంది. సెలవులకు ఊరొచ్చి ఒక డబ్బా పెట్టి విమానం ఎక్కేస్తామంటే సాధారణంగా ఒప్పుకోరు, తడిసిన కాగితం మార్చేవాళ్లు దగ్గర్లో ఉండాలి.

డబ్బా చూసుకునే వీలు లేకపోతే 2004లో మొదలైన ‘ఎర్త్‌క్యాష్’ రకం ఉంది. ఇందులో డబ్బా ఉండదు. వచ్చినవాళ్లు అక్కడి రాళ్లనూ నేలనూ పరిశీలించి, మీరడిగిన ప్రశ్నలకు జవాబులు పంపుతారు. గండికోట లోయ, బొర్రా గుహలు, హైదరాబాదు గ్రానైట్ బండలు ఇలాంటి ప్రశ్నలకు బాగా పనికొస్తాయి. ముందుగా ఆ చోట ఇప్పటికే ఎవరైనా పెట్టారేమో మ్యాపులో చూసుకుని, ప్రశ్నలు గూగుల్‌లో కాకుండా అక్కడ నిలబడితేనే జవాబు దొరికేలా రాయండి.