లోపలి చెమ్మకు కారణం ఇంటి బయట వెతకండి

మా పడకగదిలో స్లాబుకు జానెడు కింద చెమ్మ మరక కనిపిస్తే పుట్టీ పెట్టించి రెండుసార్లు రంగు వేయించాం. రెండుసార్లూ తొలి వానకే పొంగింది, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. డబ్బు దండగ. రంగులవాళ్లను పిలిచేముందు ఒక్కటి చూడండి: ఆ చెమ్మ వానల్లోనే వస్తోందా, మే నెల ఎండల్లోనూ ఉంటోందా? ఎండల్లోనూ ఆరకపోతే అది వాన నీరు కాదు. బాత్రూమ్ పైపో, ఏసీ నీళ్ల గొట్టమో కారుతోందేమో చూడాలి.

సమస్య: వానల్లో గోడ పైభాగం తడవడం
కారణం: చాలావరకు పిట్టగోడ, స్లాబు కలిసే మూల. పగటి ఎండకు స్లాబు సాగి, రాత్రికి ముడుచుకుంటూ ఉంటే అక్కడ సన్నని చీలిక పడుతుంది. డాబా తూముకు ఆకులు అడ్డుపడి నీళ్లు నిలిచాయంటే అందులోంచే దిగుతాయి.
పరిష్కారం: ముందు తూము శుభ్రం చేయండి. అనుమానం తీరకపోతే ఎండ రోజున తూములకు గుడ్డలు కుక్కి, డాబా మీద అంగుళం లోతు నీళ్లు ఒక రోజంతా నిలిపి కింద గమనించండి. చీలికను కాస్త వెడల్పుగా చెక్కించి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించండి. మూలలో నీళ్లు ఆగకుండా గుండ్రంగా వాలు తీయించి, ఆపైన వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించండి. మా మరక దీంతోనే పోయింది.

సమస్య: సజ్జ కింద తుప్పు గీత, రాలే పెచ్చులు
కారణం: లోపలి చువ్వకు తడి తగిలింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.
పరిష్కారం: సుత్తితో మెల్లగా తట్టండి. డొల్లగా మోగినంత మేర కొట్టేయించి, చువ్వను వైర్ బ్రష్‌తో గీకించి, తుప్పు పట్టకుండా పూత వేయించాకే కొత్త సిమెంటు పెట్టించాలి. చువ్వ సన్నబడి ఉంటే మేస్త్రీ మాట సరిపోదు, ఇంజనీరుకు చూపించాలి.

సమస్య: పైపు పక్కన రావి మొక్క
కారణం: పక్షుల రెట్టలో వచ్చిన గింజ. అది అక్కడ బతికిందంటే ఆ చోట తడి ఆరడం లేదన్నమాట.
పరిష్కారం: పీకితే వేరు తెగి మళ్లీ చిగురిస్తుంది. ప్లాస్టరింగ్ చెక్కి వేరంతా తీయించి, పైపు అతుకు బాగుచేయించండి. రావిని చంపడానికి మనసొప్పకపోతే కుండీలో పెట్టుకోండి, గోడలో మాత్రం వద్దు.

సమస్య: గోడ అడుగున సన్నని మట్టి గీతలు
కారణం: చెదలు.
పరిష్కారం: ఊడ్చేస్తే మళ్లీ కట్టుకుంటాయి. గోడకు ఆనించిన పాత కర్రలు, అట్టపెట్టెలు తీసేసి మందు కొట్టించండి.